వంగే గొట్టం, వంగని పెద్దావిడ

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. అమీర్‌పేట హాస్టల్లో నా గదిలో మిగతా ముగ్గురూ జావా నేర్చుకునేవాళ్లే, నేనొక్కదాన్నే నర్సుని. పంజాగుట్టలో పేగుల డాక్టరుగారి క్లినిక్‌లో పని. కింది పేగు లోపల చూడ్డానికి ఆయన దగ్గర జానెడు స్టీలు గొట్టం ఉండేది. పాతికేళ్లుగా దాంతోనే చూస్తున్నారు. మరగబెట్టి తుడిస్తే చాలు, చెడేది లేదు, రెండు నిమిషాల్లో పనైపోయేది. కొత్తగా తెప్పించిన వంగే గొట్టం మూరన్నర పొడవు. దాన్ని జూనియర్ డాక్టరమ్మ వాడేది. "ఆమెది పాము, నాది కర్ర" అని ఆయన ఎగతాళి. నేనూ కర్ర పార్టీయే.

ఓ రోజు యూసుఫ్‌గూడ నుంచి ఓ ముస్లిం పెద్దావిడని కొడుకు తీసుకొచ్చాడు. మూడు నెలలుగా రక్తం పడుతోంది. మొలలనుకుని పసరు మందులు మింగిందట. మా స్టీలు గొట్టానికి మనిషి మోకాళ్ల మీద వంగి, తల బల్లకి ఆనించాలి. నాకప్పటికి నాలుగు ఉర్దూ ముక్కలొచ్చు. నోరు మూసుకుని ఉండొచ్చుగా! "నమాజులో సజ్దా చేస్తారు చూడండమ్మా, అట్టా వంగండి" అన్నాను.

ఆవిడ బల్ల దిగి చెప్పులేసుకుంది.

"గట్ల అల్లా ముంగటనే వంగుత బిడ్డా. చస్తె చస్త గని గీడ వంగ."

కొడుకు బతిమాలినా వినలేదు. ఆవిడ అలాగే వెళ్లిపోతే ఆ రక్తం సంగతి ఎవరు తేలుస్తారు? తప్పంతా నా నోటిది.

డాక్టరుగారు తన గదిలోంచి బయటికొచ్చారు. నన్ను తిడతారనుకున్నా. ఆవిడని కుర్చీలో కూచోబెట్టి, పక్కన తనూ కూచుని, "మీరు వంగకుండ్రి అమ్మా. గొట్టమే వంగుతది. మీరు జర పక్కకు తిరిగి పండుకుంటె చాలు" అన్నారు. జూనియర్ని పిలిచి, తను స్టూలు మీద కూచున్నారు.

ఎనిమా ఇచ్చాక ఆవిడ ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. గొట్టం జానెడు దాటి, ఇంకో బెత్తెడు పైకి వెళ్లాక తెర మీద కనిపించింది, రేగుపండంత కండ. దాన్నుంచే రక్తం.

ఆయన స్టూలు మీంచి లేచి, గొట్టం ఎంత లోపలికి వెళ్లిందో దాని మీది గీతల్లో చూసుకున్నారు. తర్వాత కొడుకుని పిలిచి, మా అందరి ముందే అన్నారు.

"మీ అమ్మ మా మాట ఇని వంగి ఉంటె, నా గొట్టానికి గిది అందకపోతుండె. మొలలే అని ఇంటికి పంపిస్తుంటి."

ఎవరూ అడగలేదు. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేదీ కాదు. అంత పేరున్న మనిషి అలా అంటుంటే నాకు కళ్లనీళ్లొచ్చాయి. తర్వాత ఆ కండ తీసేశారు, ఇంకా కేన్సర్‌గా ముదరలేదని రిపోర్టు వచ్చింది.

మర్నాటి నుంచి ఆయన కొత్త గొట్టం పట్టుకోవడం జూనియర్ దగ్గర నేర్చుకోసాగారు. ఆ అమ్మాయి చెబుతున్నంతసేపూ నిలబడే వినేవారు.