ఊడ్చేసిన గులకరాళ్లు

మా ఆయన ప్రాజెక్టు పుణ్యమా అని జార్జియాలో ఒక చిన్న ఊళ్లో కాపురం పెట్టాం. మనవాళ్ల ముఖం చూడాలంటే తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కమ్మింగ్ దాకా కార్లో రెండు గంటలు. నాకు వర్క్ పర్మిట్ లేదు, ఇంట్లో ఊరికే కూర్చునే ఓపిక అంతకన్నా లేదు. అందుకే పక్కింటి పెద్దావిడకు యూదుల శ్మశానం శుభ్రం చేయడంలో సాయం చేస్తానన్నాను.

ఒకప్పుడు మెయిన్ స్ట్రీట్‌లో సగం కొట్లు యూదులవే. ఇప్పుడు ఊళ్లో మిగిలింది ఆవిడ ఒక్కతే. తన తరవాత తమవాళ్ల సంగతి చెప్పేవాళ్లు ఉండరన్నదే ఆవిడ దిగులు.

మొదటి రోజే ఘనకార్యం చేశాను. ఆవిడ వచ్చేలోపే సమాధుల మీది గులకరాళ్లన్నీ చెత్త అనుకుని ఊడ్చేసి, వరసగా చామంతిదండలు వేశాను. ఆవిడ వచ్చి, ఒక దండ తీసి నా చేతిలో పెట్టింది.

“మేం పూలు పెట్టం. నువ్వు ఊడ్చేసినవి, సమాధి చూడటానికి వచ్చినవాళ్లు గుర్తుగా పెట్టి వెళ్లిన రాళ్లు,” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. “సారీ ఆంటీ” అంటూ గడ్డిలో రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. ఆవిడ మడత కుర్చీ వేసుకుని, నేను ఏ సమాధి మీద రాయి పెడితే వాళ్ల సంగతి చెప్పింది. ఒకాయనది చెప్పుల కొట్టు. శనివారం పని చేయకూడదని వాళ్ల ఆచారం. పత్తి రైతులు ఊళ్లోకి వచ్చేదేమో ఆ రోజే. పాపం, పొద్దున్నే ప్రార్థన చేసుకుని, ఆనక కొట్టు తెరిచేవాడట. ప్రార్థనకు పదిమంది మగవాళ్లు ఉండాలి. ఊరు ఖాళీ అవుతుంటే, పదో మనిషి కోసం పక్క ఊరికి కారేసుకుని వెళ్లేవాడట.

రాళ్లు ఆ రోజే అయిపోయాయి, కబుర్లు కాలేదు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం వెళుతూనే ఉన్నాను.

“మన గుడికి డ్రైవ్ చేద్దామంటే దూరమంటావ్, అక్కడికి మాత్రం ఎనిమిదింటికే రెడీ అయిపోతావ్!” అని మా ఆయన ఎగతాళి.

మొన్న వసంతంలో ఆ చెప్పుల కొట్టాయన మునిమనవరాలు న్యూయార్క్ నుంచి పిల్లలతో వచ్చింది. ముత్తాత గురించి అడిగింది. పెద్దావిడ చెప్పబోయి ఆగిపోయింది. ఈమధ్య మరుపు ఎక్కువైంది. ఆవిడ కళ్లల్లో భయం చూసి ఉండబట్టలేక నేనే అందుకున్నాను. శనివారం బేరాలు, పదో మనిషి కోసం పరుగులు, అన్నీ చెప్పాను.

“మీరూ మా యూదులేనా?” అంది ఆ అమ్మాయి ఆశ్చర్యంగా.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. “కాదు. కానీ మా సంగతులు తెలిసింది ఈమెకే. ఏం కావాలన్నా ఈమెనే అడగండి.”

డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు. పక్క సమాధి దగ్గరికి నడిచాను. పెద్దావిడ తన కుర్చీని ఆ అమ్మాయి పిల్లల పక్కకు జరుపుకుంది.

“ఇది మా నాన్నది,” అంది. “నువ్వే చెప్పు. నేనూ వింటాను.”