చాయ్ చల్లారేదాకా

మా మనవరాలికి లాంగ్‌జంప్ నేర్పిన కోచ్ సారు పోయిన నెలలో కన్నుమూశారు. రాయదుర్గం మెట్రో కింద చాయ్ పోస్తుండగా కబురు తెలిసింది. గిన్నె దించి పొయ్యి ఆర్పేశాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలే రాస్తోంది. రాసేది తన బడి తెలుగే అయినా, ఒక్క సంగతి మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

ఆఫీసుల అద్దాల మేడల వెనక గ్రౌండులో ఆయన పద్ధతి వేరు. పిల్లలు ఇసుక గుంత వైపు పరుగెత్తే ముందు, నేను కూర్చునే పీట అడిగి తీసుకునేవారు. పిల్లలు దాని మీద నుంచి కిందికి దూకి, పాదం తగలగానే పైకి ఎగరాలి.

మొదటిరోజే అడిగాను.

"గిదేంది సారూ? దుంకే ముందే గిట్ల దుంకిస్తే పిల్ల కాళ్లల్ల ఏం మిగుల్తది?"

"అవ్వా, పొయ్యి రాజుకోకముందే నీ చాయ్ మరుగుతదా?" అని నవ్వారు. పిల్లల వైపు తిరిగి, "నేల కాలిన పెనం అనుకోండ్రి. కాలు ఆనిచ్చిన్రో, కాల్తది" అన్నారు.

నాలుగైదు ఎగుర్లు కాగానే ఆపించేవారు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వెంటనే పరుగెత్తితే కాళ్లు బరువుగా ఉంటాయి. మరీ ఆగితే చల్లబడతాయి. ఆయన గడియారం చూడగా నేనెరుగను. నాతో చాయ్ పోయించుకుని, అది పెదవి ఓర్చుకునేంత చల్లారాక "ఇగ పో బిడ్డా" అనేవారు. అలసట పోయి చురుకు మిగిలే వేళ అదేనట.

ఆయన తర్వాత వచ్చిన సారు, జిల్లా జట్టు సెలక్షన్ల రోజున పీట ఎగుర్లు వద్దన్నారు. పాత కోచ్ పిల్లలను ఊరికే అలసగొట్టేవాడన్న మాట కూడా నా చెవిన పడింది. అది అబద్ధం. అలసగొట్టే మనిషి ఆగమంటాడా? మనవరాలికి జట్టులో చోటు దక్కేదీ పోయేదీ ఆ రోజే. పీట, ఫ్లాస్కు నేనే మోసుకెళ్లాను.

"మామ్మగారూ, ఇక్కడ టీ అమ్మకూడదండి" అన్నారు కొత్త సారు.

"అమ్మనీకి రాలే సారూ. మా కోచ్ సారుకు పోస్తున్న. జర పక్కకు జరుగు."

పిల్ల పీట మీద నుంచి తన ఎగుర్లు ఎగిరింది. నేను పోయిన కోచ్ సారు గ్లాసు నింపి పీట మీద పెట్టాను. ఇద్దరం ఆవిరి వైపే చూస్తూ నిలబడ్డాం. గ్లాసు వేడి చెయ్యి ఓర్చుకునేంత తగ్గగానే అన్నాను.

"ఇగ పో బిడ్డా."

ఆమె మడమల గుర్తులు అంతకుముందెన్నడూ చేరని ఇసుకలో పడ్డాయి. జట్టు పేర్లలో ఆమె పేరు చదివారు. కొత్త సారు పీటను పక్కకు తీయించలేదు.

గ్లాసు దాని మీదే ఉండిపోయింది. చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరమూ తాగలేదు.