ముందే లేచిన ఎలుకలు

మా ప్రొఫెసర్ వంశీధర్ గారు ఎవరినైనా ముందు వాసన చూస్తారు. నమస్కారం ఆ తరవాత. నాంపల్లిలో మా ఫార్మసీ కాలేజీ ఎలుకల గదికి తాళం కంటే ఆయన ముక్కే గట్టి కాపలా. అక్కడే లెక్కలు చెప్పే నన్ను ఆబిడ్స్‌లో కొన్న కొత్త చొక్కాతో వెళ్తే గుమ్మంలోనే ఆపేశారు.

"కొత్త బట్ట వాసన కూడా తప్పేనా సార్?"

"మీకది బట్టే. ఎలుకకది రసాయనం. లివర్ లేచి కూసుంటది. ఉతుక్కొని రాండ్రి."

ఆ చాదస్తం వెనక కొంత శాస్త్రం ఉంది. కాలేయం మందును ఎంత వేగంగా విరిచేస్తుందో తెలియాలంటే ఎలుకకు నిద్రమందు ఇచ్చి ఎంతసేపు పడుకుందో చూస్తారు. ఏ వాసనో కాలేయాన్ని ముందే రెచ్చగొడితే మందు త్వరగా విరిగి ఎలుక ముందే లేస్తుంది, ఫలితం తప్పు. అందుకని అగరుబత్తి నిషిద్ధం. కొబ్బరినూనె అనుమానాస్పదం. పెళ్లిభోజనం చేసొచ్చినవాడికి మర్నాటిదాకా ప్రవేశం లేదు.

ఆయన వారం సెలవు ముగించుకుని వచ్చిన రోజే, మేమిద్దరం ఎలుకల గది ముందు ఉండగా, రిసెర్చి చేసే అక్షిత ఏడుపు ముఖంతో పరిగెత్తుకొచ్చింది.

"సార్, నలభై నిమిషాలు పండాల్సిన ఎలుకలు, పద్దెనిమిదికే లేచి మీసాలు దువ్వుకుంటున్నయ్!"

ఆయన బోనులో తల దూర్చి ఒక్క పీల్పు పీల్చారు. "దేవదారు!"

ఎలుకలను సాకే బిచ్చయ్య ముందుకొచ్చాడు. "బోనుల పరిచే వరిపొట్టు అయిపోయింది సార్. అఫ్జల్‌గంజ్ కట్టె దుకాణంల కమ్మటి వాసన పొట్టు దొరికింది. పిల్లలు హాయిగ నిద్రపోతయని పరిచిన..."

"ఏడ నిద్రపోయినయ్ బిచ్చయ్యా! లివర్లు డబుల్ డ్యూటీ చేస్తున్నయ్!"

అప్పుడే ప్రిన్సిపాల్ వరప్రసాద్ గారు ఊడిపడ్డారు. "వీడ్ని ఇవాళే తీసేద్దామండీ. ఎలుకల్నీ మార్చేద్దాం."

బిచ్చయ్యది ఇరవై ఏళ్ల నౌకరీ. ఆ ముక్కుకు దొరికినవాడికి మోక్షం లేదని మా అందరికీ తెలుసు.

వంశీధర్ గారు ప్రిన్సిపాల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "అత్తరా సార్?"

"ఆఁ... మా బావమరిది తెచ్చాడండీ."

"గిదే పూసుకొని గది తనిఖీ చేస్తున్రా?"

"అంటే... ఒక వారం నుంచేనండీ."

"అయితే రిపోర్టుల కారణం కింద మీ ఇద్దరి పేర్లు రాయాలె. ముందు మీది. హోదా ప్రకారం."

ప్రిన్సిపాల్ రెండడుగులు వెనక్కి వేశారు. "ఇంతకీ... ఇప్పుడేం చేద్దామంటారు?"

"వరిపొట్టు మీద మూడు వారాలుంచితే లివర్లు సల్లబడతయ్. గవే ఎలుకలు, గదే బిచ్చయ్య. ఏ పొట్టు తేవాల్నో నేను రాసియ్యలే. తప్పు నాదని రాసుకోండ్రి. అక్షితా, నీ థీసిస్‌ల ఒక చాప్టర్ పెరిగింది, ఇగ ఏడువకు."

బయటికొచ్చాక ఆయన చెవిలో అడిగాను. "అత్తరుకు కూడా ఎలుక కాలేయం నిజంగా రెచ్చిపోతుందా సార్?"

"ఎవరికెరుక? నేనైతే పరీక్ష చెయ్యలే," అన్నారు తాపీగా. "ఆయనకు కూడ తెల్వది గద!"