నా చేత్తో కలిపిన సాస్

పెళ్లయిన తొలి ఏడాది నేను కలిపిన మామిడికాయ ఊరగాయకు బూజు పట్టింది. జాడీ మూత తీసి చూసిన మా అత్త, ఇంటికొచ్చిన చుట్టాల ముందే, "ఈయమ్మ చెయ్యి మంచిది కాదు" అనేసింది. అంతే. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నంద్యాలలోని ఆ ఇంట్లో కాయలు తరగడం నాది, ఆవాలు ఎండబెట్టడం నాది, కారం జల్లించడం నాది. బేసిన్‌లో చెయ్యి పెట్టి కలపడం మాత్రం ఆమెది. కలిపే వేళకు నన్ను ఏదో ఒక పని మీద బయటికి పంపేది. నాకు ఒళ్లు మండేది. రొట్టె తట్టేటప్పుడు, ఆమెకు జ్వరమొస్తే కాళ్లు ఒత్తేటప్పుడు మంచిదే అయిన చెయ్యి, ఊరగాయ దగ్గరికొచ్చేసరికి చెడ్డదైపోయింది.

పోయిన చలికాలం మా ఆయన సూపర్‌మార్కెట్ నుంచి బార్బెక్యూ సాస్ సీసా తెచ్చాడు. ఆదివారం మిద్దె మీద బొగ్గులు రాజేసి కోడిని కాల్చి, అది పూసుకుని తిన్నాం. నేను సాస్ ఒక్కటే నాలుక మీద వేసుకుని చూశాను. తీపి, పులుపు, కారం, కొంచెం పొగ వాసన. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి, టమాటా మన ఇంట్లో లేనివా?

"ఇది నేను చేస్తా. నెల రోజులైనా నిలవుంటాది" అన్నాను.

అత్త ఎముక పక్కన పెట్టి, "నీ చెయ్యి పడినాక యాడ నిలుస్తాది మ్మే" అంది. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మొదటిసారి చేసినదానికి పన్నెండో రోజే బూజు వచ్చింది. దాచుకోవడమెందుకు, జాడీ ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె అన్నదే నిజమేమో, నా చేతిలోనే ఏదో ఉందేమో అని ఆ పూట నమ్మాను కూడా. ఏడుపు ఆగాక ఆలోచించాను. పచ్చి ఉల్లిపాయ రుబ్బి పోశాను. టమాటాలో నీళ్లు ఇగరకముందే దించాను. చెమ్మ ఉంటే ఎవరు చేసినా బూజు పడుతుంది.

బస్సెక్కి ఆళ్లగడ్డకు, మా అమ్మ దగ్గరికి పోయాను.

"ఏందీ పాపా, సాస్ కోసం ఇంత దూరమొచ్చినావా?" అంది అమ్మ.

"సాస్ కోసం కాదులేమ్మా" అన్నాను. ఆమెకు అర్థమైంది, లేచి కత్తిపీట తెచ్చి నా ముందు పెట్టింది.

టమాటాలు కోసి, ఉప్పు కలిపి, మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టాను. పక్కనే శిల్పాలు చెక్కే షెడ్డు ఉంది కాబట్టి రాతిపొడి పడకుండా పాత వాయిల్ చీర కప్పాను. ఎండిన ముక్కలు రుబ్బి, కట్టెల పొయ్యి మీద పెట్టి, చింతపండు గుజ్జు, బెల్లం, వేయించి దంచిన ఎండుమిర్చి, వెల్లుల్లి, ఆవపిండి, వెనిగర్ ఒకటొకటిగా వేశాను. పళ్లెంలో చుక్క వేస్తే జారనంత చిక్కబడేదాకా పొయ్యి వదల్లేదు. చిన్న గిన్నెలో నిప్పు కణిక వేసి, దాని మీద నూనె చుక్క విదిల్చి, ఆ గిన్నెను సాస్ మధ్యలో ఉంచి మూత పెట్టాను. పొగ బాగా పట్టింది. చల్లారాక అమ్మ గరిటె ఇవ్వబోయింది. వద్దన్నాను. చెయ్యి కడిగి, తడి లేకుండా తుడుచుకుని, చేత్తోనే కలిపాను. మరునాటి దాకా వేళ్లు మండాయి. మండనీ అనుకున్నాను.

జాడీని ఒళ్లో పెట్టుకుని నంద్యాల వచ్చి, ఫ్రిజ్‌లో కాదు, అత్త ఊరగాయ జాడీల వరసలోనే పెట్టాను.

"చేత్తోనే కలిపినా. బూజు పడితే ఈ ఇంట్లో ఇంక ఏ జాడీ ముట్టను" అని అందరికీ వినబడేలా చెప్పాను.

ఆమె రోజూ పొద్దున్నే ఆ మూత తీసి చూసేది. నేను పట్టనట్టు తిరిగేదాన్ని గానీ, మూత చప్పుడైనప్పుడల్లా చేస్తున్న పని ఆపి అటే చెవి పెట్టేదాన్ని.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. ఊరగాయ కలిపే రోజు రానే వచ్చింది, సాస్ మాత్రం పెట్టినది పెట్టినట్టే ఉంది. ఆ పొద్దున అత్త వేలితో కాస్త తీసి నాకింది. ఇంకోసారి నాకింది. "బెల్లం బాగా పడింది గదా, అందుకే నిలిచింది" అంది.

ఇన్నేళ్లూ ఆపుకున్న మాట అనేశాను.

"చెడితే నా చెయ్యి, నిలిస్తే బెల్లమా అత్తా?"

ఆమె మూత పెట్టేసి నన్ను చూసింది. మా ఆయన ఈసారి నవ్వలేదు. బేసిన్‌లో ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు పోసి ఉన్నాయి. ఎవరో పిలుస్తారని నేను ఆగలేదు. పోయి బేసిన్ ముందు కూర్చున్నాను. "మేయ్" అంటూ ఆమె నోరు తెరిచేసరికే నా చెయ్యి మణికట్టు దాకా కారంలో ఉంది.