నెట్ పెట్టిస్తనని బిడ్డకు మాటిచ్చిన

ఇంటికి నెట్ పెట్టిస్తనని బిడ్డకు మాటిచ్చుడు అల్కగనే ఇచ్చిన. పెట్టించేటాల్లకు తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్‌ల ఉంటున్నం. నాది బొగ్గుబాయిల పని. బిడ్డ ఇంటర్ పాసై ఇంజనీరింగ్ పరీక్ష రాసింది, ర్యాంకు మంచిగనే వచ్చింది. ఏ కాలేజీ కావాల్నో ఇగ కంప్యూటర్లనే వరుసగ పెట్టుకోవాలె. ముందటేడు మా బావ కొడుకు నెట్ సెంటర్‌కు పోయి పాస్‌వర్డ్ చెప్పిండు. ఆ సెంటరాయన కమీషన్‌కు ఆశపడి ఎవలూ పోని కాలేజీని అన్నిటికన్న మీదికి పెట్టిండు. పిలగాడు ఇప్పటికీ అండ్లనే పడి ఏడుస్తున్నడు. "నావి నేనే పెట్టుకుంట బాపు, పాస్‌వర్డ్ ఎవ్వలకు చెప్ప" అన్నది బిడ్డ. ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది, సరే అన్న. పాత కంప్యూటర్ ఒకటి తెచ్చిన. ఇగ నెట్టే కావాలె.

బాయికాడ ల్యాంపు రూముల అడిగిన. అడగకున్నా బాగుండు. ల్యాంపులిచ్చేటాయన సర్కారు ఫోన్ తీగే పెట్టియ్యి అంటడు. పక్కనున్నాయన అది వానొస్తే సచ్చిపోతది అంటడు. చెప్పెటోళ్లల్ల ఒక్కల ఇంట్ల గూడ నెట్ లేదు. టీవీ కేబులాయన వచ్చి "అన్నా, మీ లైన్ల పది ఇండ్లు ఒప్పుకుంటే తెల్లారే తీగ గుంజుత" అన్నడు. ఇల్లిల్లు తిరిగిన. పిల్లలు ఖరాబైతరని ఒకలు, క్వార్టర్ మారుతున్నమని ఒకలు. నాలుగిండ్లు దాటలే. మా బావ కాడ నెట్ డాంగిల్ తెచ్చి పెడితే ఇంట్ల సిగ్నల్ ముక్క రాలే, కంప్యూటర్ మోసుకొని బాత్‌రూం ముందట పెడితే జర కదిలింది. నా బిడ్డ బాత్‌రూం ముందట కూసోని కాలేజీ ఎంచుకోవాల్నా? ఒళ్లు మండి దాన్ని తెచ్చినకాడ్నే ఇచ్చిన. గిట్ల సోంచాయించుకుంటనే నెల పాయె. ఆఖరికి సర్కారు ఫోన్‌కే దరఖాస్తు పెట్టిన.

తీగ వస్తదన్న వారమే నాకు నైట్ షిఫ్టు పడ్డది. పొద్దుగాల ఇంటికొచ్చి ఇంత తిని పంటే మాపటికే లేసుడు. మా ఇంటామె పగలు కుట్టు సెంటర్‌కు పోతది, ఇంట్ల బిడ్డొక్కతే. లేవంగనే నా మొదటి మాట "వచ్చిండా?"

"రాలే బాపు."

టెలిఫోన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "మా మనిషి వచ్చిండు, తలుపు పెట్టి ఉన్నది" అంటరు. ఇంట్ల మనుషులుండంగ తలుపెట్ల పెట్టి ఉంటది? అబద్ధమాడినా అతికినట్టుండాలె అని గట్టిగనే అడిగిన. మూడు రోజులు ఇదే లొల్లి. నేను తిట్టుడు, వాళ్లు ఫోన్ పెట్టేసుడు.

నాలుగోనాడు కాలేజీలు పెట్టుకునుడుకు ఆఖరి రోజు. డ్యూటీ దిగి ఇంటికి గూడ పోలే. ఆఫీసు తెరిచేదాక గేటుకాడ్నే కూసున్న, తెరవంగనే నోటికొచ్చినట్టు అన్న. లైన్‌మ్యాన్ నా ఈడోడే. నన్ను మెల్లగ బయటికి తోలుకపోయిండు.

"అన్నా, మూడుసార్లు వచ్చిన. తీగ లోపలికి తేవాలంటే గోడకు మిషన్‌తోని బొక్క కొట్టాలె. మీ బిడ్డ గేటుకాడ్నే ఆపింది. బాపు పండుకున్నడు, రాత్రి మల్ల బాయిల దిగాలె, ఈ వారం వద్దు కాకా అన్నది. మా అయ్య గూడ బాయిలనే చేసిండు. నేనేమంట? నా పుస్తకంల తలుపు పెట్టి ఉన్నదని రాసుకున్న."

ఇయ్యాళ రమ్మని బతిలాడిన. ఎక్కడో తీగలు తెగినయట, తనొక్కడే ఉన్నడట, రేపు వస్తనన్నడు. రేపు వచ్చి ఏం జేస్తడు?

ఇంటికి పోంగ తొవ్వంత కోపమే. బిడ్డ చాటల బియ్యం ఏరుతున్నది. "రాలే అని నాకెందుకు అబద్ధం చెప్పినవ్?" అని అడిగిన. తల ఎత్తలే.

"గడువు పెంచుతరని అందరూ అంటున్నరు బాపు, ఆదివారం బొక్క కొట్టిద్దమనుకున్న. నీ పక్కన పనిచేసేటాయన నిద్ర మబ్బుల పట్టాల మీద పోయే బొగ్గు టబ్బు కింద కాలు పెట్టిండని నువ్వే చెప్తివి. నీకు గట్లయితే ఆ సీటు నేనేం చేసుకోను?"

తిడుదామని వచ్చినోన్ని. నెల రోజులు ల్యాంపు రూముల ముచ్చట్లు పెట్టుకుంట కూసున్నది నేనే. ఫస్ట్ షిఫ్టుల ఉండి పగలు పండుకోనప్పుడే దరఖాస్తు పెడితే ఈ పాటికి తీగ వచ్చి ఉండు. నా మీద నాకే రోత పుట్టింది. అంగి గూడ మార్చకుంట బిడ్డను బండెక్కించుకొని నెట్ సెంటర్‌కు తోలుకపోయిన.

లోపల కాలు పెట్ట సందు లేదు. మా వంతు వచ్చేసరికి పగలు దాటింది. సెంటరాయన కుర్చీల నుంచి లేవలే. పిల్లనే టైపు కొట్టుకుంటది అంటే వినలే. "గట్లయితే పొద్దు మీకాడ్నే పోతది, ఎన్క ఎంతమంది ఉన్నరో సూస్తలేరా? పాస్‌వర్డ్ చెప్పుండ్రి, జల్ది."

బిడ్డ నా దిక్కు సూసింది. నాకు మస్తు కోపమున్నది, ఎవని మీద చూపియ్యాల్నో తెలుస్తలేదు. గోడ మీద గడియారం సూసిన.

"చెప్పు బిడ్డా" అన్న.

అందరు ఇనంగ చెప్పింది. కాలేజీల పేర్లు వరుసగ రాసుకొచ్చిన కాయితం ఆయన ముందట పరిచింది. ఆయన దాన్ని సూడకుంటనే మోచేత్తోని పక్కకు జరిపి, కీబోర్డు మీద కొట్టుడు మొదలువెట్టిండు.