మా అమ్మ చూడటానికి వచ్చిన ఆట

నేను దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన ఏళ్లలో మా అమ్మ ఒక్క ఆటకూ రాలేదు. ఆడపిల్లనై ఉండి నేను నిక్కరు వేసుకుని బయలుదేరితే ముఖం తిప్పుకునేది. ఇప్పుడు నేను విరుదునగర్‌లో ఆడపిల్లలకు కోచ్‌ని. నా దగ్గర ఆట నేర్చుకున్న నేతపనివాళ్ల అమ్మాయి ఒకతె మొన్న ఇండియా జట్టుకు ఎంపికైంది. జట్టు శిక్షణ శిబిరానికి వెళ్లేముందు ఆ పిల్ల కోవిల్‌పట్టిలో ఆడుతుందని తెలిసి, అమ్మ నాతోపాటు బస్సెక్కింది.

ఆ పిల్ల ముగ్గుర్ని తప్పించుకుని ఎడమకాలితో గోల్ కొట్టింది. అమ్మ కుర్చీలోంచి లేచి, "సబాసు కన్నూ!" అని అరిచింది. నాకు ఒళ్లు మండింది.

"నా ఆటకి ఎన్నడన్నా వచ్చినావా అమ్మా?" అన్నాను.

"నువ్వు కింద పడితే నేను చూడలేను," అంది, మైదానం మీదినుంచి కళ్లు తిప్పకుండా.

ఆ మాటకీ నా కడుపుమంట చల్లారలేదు.

ఆట ముగిశాక ఆ పిల్ల చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చి, "ఎట్లా ఆడినాను అక్కా?" అని అడిగింది.

వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అయినా, "ఎడమకాలు ఇంకా గట్టిపడాలి," అన్నాను. పాపం, నిజమనుకుని తలాడించింది.

అమ్మ నావైపు ఒక చూపు చూసి, నాకోసం తెచ్చిన మజ్జిగ సీసా ఆ పిల్ల చేతిలో పెట్టింది.