నూట అరవై వోల్టుల కోడి

ఫిజిక్స్ మాస్టారు ఫిజిక్స్ చేతిలోనే ఎలా తన్నులు తింటాడో చూడాలనుంటే నన్ను చూడండి! మొన్న మంగళవారం నుంచి మా అత్తగారు నాతో మాట్లాడడం లేదు. టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టేసి పోతున్నారు.

నాకు ఉద్యోగం నరసన్నపేట దగ్గర, మా అత్తవారి ఊళ్ళోనే. మకాం కూడా ఆవిడ ఇంట్లోనే. ఆవిడకో నాటుకోడి ఉండేది. ప్రాణంతో సమానం. అది పదమూడు గుడ్ల మీద పొదగడానికి కూర్చున్న మూడో రోజు ముంగిస పట్టుకుపోయింది. ఆవిడ ఆ గుడ్లు కొంగులో మూటగట్టుకుని ఒకటే ఏడుపు.

"బాబూ, ఏటి సేద్దాం? సల్లారిపోతన్నాయి!"

నేనున్నానుగా! చేపలు తెచ్చే థర్మోకోల్ పెట్టె ఒకటి పట్టుకొచ్చాను. ఎంత కడిగినా కంపు పోలేదు, పోనీండి. లోపల రెండు నలభై వాట్ల బల్బులు తగిలించాను. మా బావమరిది అప్పలనాయుడు ఆ ఏరియా లైన్‌మేన్. వాడు వచ్చి చూశాడు.

"బావా, ఒక థర్మోస్టాట్ ఎట్టీ. ఏడెక్కువైతే అదే ఆపేస్తాది."

"ఒరే, లెక్క రానోడికిరా థర్మోస్టాట్. నాకెందుకు?"

ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మా ఊళ్ళో వోల్టేజి సంగతి చెప్పక్కర్లేదు. మీటరు పెడితే నూట అరవై. పగలైనా, రాత్రైనా అంతే. రెండు బల్బులూ కలిపి తీసుకునే కరెంటు పావు ఆంపియర్. వోల్టులూ ఆంపియర్లూ గుణిస్తే నలభై వాట్లు, బల్బుల మీద రాసిన దాంట్లో సగమే. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే రెసిస్టెన్స్ ఆరువందల నలభై ఓములు. ఆ నలభై వాట్లకి పెట్టెలో ముప్ఫై ఏడున్నర డిగ్రీలు, ఇటు అటు కదలకుండా! ఆ అంకెలన్నీ అట్టముక్క మీద రాసి పెట్టెకి అంటించాను కూడా. అంత పొగరు.

వారం తిరిగాక ఫోన్ లైటు పెట్టి ఒక గుడ్డు చూపించాను. లోపల ఎర్రటి నరాలు, మధ్యలో ఒక చుక్క టపటపా కొట్టుకుంటోంది. అత్తగారు నోటి మీద చెయ్యేసుకున్నారు. "బతికున్నాది బాబూ!" ఆ రోజు నుంచి చేపల పులుసులో పెద్ద ముక్క నాదే. వీధిలో ఎవరు కనబడినా, "కోడి నేకపోతే ఏటయ్యింది, మా అల్లుడున్నాడు" అని చెప్పుకునేవారు.

ఆఖరి మూడు రోజులు మూత తియ్యొద్దు, చెయ్యి పెట్టొద్దు అని ఆవిడకి మరీ మరీ చెప్పాను. అది కరెక్టే. నా ఖర్మ, అదొక్కటే కరెక్టు.

మంగళవారం స్కూలుకి వెళ్ళేసరికి ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి! కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వేసేశారు. దాని కోసం అర్జీ రాసిందెవరు? నేను. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించిందెవరు? నేనే. హెడ్మాస్టారు చెయ్యి కలిపారు. స్టాఫ్ రూములో స్వీట్లు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి కూడా వెళ్ళలేదు, సన్మానం మధ్యలో లేచి వెళ్తారా ఎవరైనా?

ఆఖరి పీరియడ్ టెన్త్ క్లాసు. పవర్ పాఠం. మాంచి హుషారులో ఉన్నాను కదా, నోటికొచ్చిన అంకెలతో లెక్క ఇచ్చేశాను. "నూట అరవై వోల్టులు, పావు ఆంపియర్. రెసిస్టెన్స్ ఎంత? అది మారదనుకుని రెండొందల నలభై వోల్టులు ఇస్తే పవర్ ఎంత?"

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "ముందు నలభై వాట్లు సార్. ఇప్పుడు తొంభై."

"శభాష్! వోల్టేజి ఒకటిన్నర రెట్లైతే పవర్ రెండుంబావు రెట్లు. వర్గం అమ్మా, వర్గం!"

"అయితే మాడిపోద్ది కదా సార్?"

ఏం మాడిపోతుంది అని అడగబోయాను. ఆ అంకెలు ఎక్కడివో అప్పుడు గుర్తొచ్చింది.

చెప్పులు క్లాసులోనే వదిలేసి పరిగెత్తాను. పెట్టె ముందు పీట వేసుకుని అత్తగారు కూర్చున్నారు. మూత సందుల్లోంచి వెలుతురు జిగేల్మంటోంది. థర్మామీటరు యాభై దాటింది. గుడ్డు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. పదమూడింటిలో ఒక్కటీ కదల్లేదు.

"సెయ్యెట్టొద్దన్నావు కదా బాబూ," అన్నారావిడ. "నాను సెయ్యెట్టనేదు."

నాకు ఏడుపొచ్చేసింది, అబద్ధమెందుకు? ఇద్దరం కలిసి నిమ్మచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చాం. ఆవిడ చేతులు దులుపుకుని ఒక్కటే మాటన్నారు. "నా కోడికి ఏడెక్కువైతే లేసి పక్కకెల్లేది. దానికి లెక్కలు రావు."

అంతే. మళ్ళీ మాటల్లేవు.

అప్పుడే బండి ఆగింది. అప్పలనాయుడు! ముఖం వెలిగిపోతోంది. చేతిలో రిజిస్టరు.

"బావా, నీ అర్జీ పని అయిపోనాది! సమస్య తీరింది, సంతోషం అని రాసి సంతకం ఎట్టీ. లిస్టులో నీ పేరే మొదలు."

గుమ్మంలోంచి అత్తగారు చూస్తూనే ఉన్నారు. మట్టి చేతులతోనే పెన్ను తీసుకుని రాశాను. "వోల్టేజి చాలా బాగున్నది. సంతోషం."